నలభై ఒకటీ నలభై రెండూ

హిలారియో నలభయ్యో పెట్టె మూత తీసి, ఎలుక తోక ఎత్తి, దాని అంకె తెలిపే సిరా గీతలు చూశాడు. చీటీ చూశాడు. సరిపోయింది. మూత పెట్టాడు.

ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నేల కింది గది, కిటికీ లేదు. గోడల నిండా అరలు, అరల నిండా పెట్టెలు, పెట్టెకో తెల్ల ఎలుక, పెట్టె ముందు అంకె రాసిన చీటీ. అతను పొట్టి మనిషి. చేతులు బండబారిపోయాయి. ఎడమ బొటనవేలి గోరు ఎప్పుడో చీలి అలాగే పెరిగింది. ఎలుకలు ఆ చేతిలోకి తమంతట తామే ఎక్కేవి. ఆ చెయ్యి కోసమే యూనివర్సిటీ వాళ్లు తనని ఉంచుకున్నారని అతనికి తెలుసు.

నలభై ఒకటి తీశాడు. తోక మీద గీత లేదు.

నలభై రెండు తీశాడు. దానికీ లేదు.

సిరా వారం కంటే నిలవదు. నిన్న పెట్టెలు మార్చిన రోజు. ఎలుకను కొత్త పెట్టెలో వేయాలి, చీటీ దాని వెంటే మార్చాలి, మాసిన గీత మళ్లీ దిద్దాలి. ఒక పెట్టె మూత పడకుండా రెండోదాని మూత తియ్యకూడదు. ఇక్కడ తప్పరాని కట్టుబాటు అదొక్కటే.

నిన్న తనేం చేశాడు? ఈ రెండింటినీ ఒకేసారి తీశాడా?

ఎంత తవ్వుకున్నా ఏమీ తగల్లేదు. నిన్న హాయిగా గడిచింది. అంతవరకే తెలుసు. హాయిగా గడిచిన రోజులన్నీ ఈ మధ్య అలాగే జారిపోతున్నాయి. పోయిన నెల పొయ్యి మీద బీన్స్ మాడి బొగ్గయ్యాయి. ఎవరికీ చెప్పలేదు. వీపు మీద చెమట సన్నగా దిగింది.

మధ్యాహ్నం పరీక్ష ఉంది. రెండు గదుల డబ్బా అది. ఒక గది వెలుతురు, ఒకటి చీకటి. ఎలుకకు చీకటంటే ఇష్టం. మొన్న ప్రతి ఎలుకా చీకట్లోకి నడిచింది, కాళ్ల కింద కరెంటు చురుక్కుమంది. వెంటనే సగం వాటికి మందు ఎక్కించారు, సగం వాటికి ఉప్పునీళ్లు. భయం వేసినప్పుడు ఒంట్లో ఊరేదే ఆ మందు. అది పడ్డ ఎలుక ఇవాళ గుమ్మం దగ్గరే వణుకుతూ నిలబడుతుంది. ఉప్పునీళ్ల ఎలుక చురుకు మరిచిపోయి మళ్లీ నడిచిపోతుంది. ఏ అంకెకు ఏది ఎక్కించారో రాసిన కాగితం డాక్టరమ్మ సొరుగులో ఉంది.

భయం రాసింది చెరగదు. ఆ సంగతి అతనికి డాక్టర్ల కంటే ముందే తెలుసు. పుట్టిన నేల మిచోవకాన్‌లో వాళ్లమ్మ చివరి రోజుల్లో కొడుకు పేరు మరిచింది, తినడం మరిచింది. ఏరు పొంగి కంచరగాడిదను ఈడ్చుకుపోయిన పూట ఒక్కటి మిగిలింది. "ఏరొచ్చింది, పరిగెత్తండ్రా!" అని మంచం మీంచి అరిచేది. మూడేళ్లు ఆమె ఆ ఒక్క పూటలోనే బతికింది.

చెబితే పని పోతుంది. పని పోతే ఇంట్లో అమ్మకు మిగిలినట్టే ఒక మంచం, తను.

భోజనం వేళకి, పెట్టెలు కడిగే గదిలోకి వెళ్లాడు. అక్కడ పనిచేసే ఒఫీలియా రొట్టె విప్పుకుంటోంది. వాళ్ల వైపు పెద్దవాళ్లను గౌరవంగా డాన్ అని పిలుస్తారు.

"ఏంటి డాన్ హిలారియో, మొహం అలా ఉంది? ఎలుక కరిచిందా, మీరే దాన్ని కరిచారా?"

"నిన్న నలభై ఒకటి దగ్గర నేనేం చేశానో చూశావా?"

"చూడ్డమెందుకు, విన్నాగా. పాట ఎత్తుకున్నారు. ఇంకో చరణం పాడితే ఎలుకలు రాజీనామా ఇస్తాయని అన్నానా లేదా?"

అందో లేదో అతనికి తెలీదు. నవ్వాడు. సంగతి చెప్పాడు.

"ఇంతేనా! మార్కర్ తీసి చెరో గీత గీసి పారేయండి. ఎలుకలేమైనా వెళ్లి పితూరీ చెబుతాయా?"

రొట్టె సగం అలాగే వదిలేసి వెళ్లాడు. మార్కర్ మూత తీశాడు. సిరా ఘాటు ముక్కుకి కొట్టింది. నలభై ఒకటి పెట్టెలో చెయ్యి పెట్టాడు.

ఎలుక వెనక్కి పాకింది. మూలకు నక్కి కీచుమంది. భయానికి అక్కడే పెంటికలు వేసింది. పక్క పెట్టెలో గోళ్ల చప్పుడు, ఆ పక్క పెట్టెలో, పై అరలో. ఇరవై రెండేళ్లలో ఏ ఎలుకా ఆ చేతిని చూసి పారిపోలేదు. అతను చంక వాసన చూసుకున్నాడు. పుల్లగా, ఇనుములా ఉంది. తన భయమే గదంతా పాకుతోంది. ఈ బెదురుతో పరీక్షకు వెళితే ఆ రెండే కాదు, అరవై ఎలుకలూ అబద్ధమే చెబుతాయి.

మార్కర్ మూత పెట్టేసి పైకి, డాక్టరమ్మ గదికి వెళ్లాడు. డాక్టర్ హాల్వర్సన్ కళ్లజోడు దారంతో ఆమె మెడలో వేలాడుతుంది. ఆ దారం ఆకుపచ్చదని ఇవాళే చూశాడు.

"డాక్టరమ్మా, ఇవాళ పరీక్ష వద్దు. నా వాసనకి అవి బెదిరిపోతున్నాయి."

"మీకా? మీకు బెదరడమేంటి హిలారియో?"

"నలభై ఒకటేదో నలభై రెండేదో నాకు తెలీదు. నిన్నేం చేశానో గుర్తు లేదు. నిన్న ఒక్కటే కాదు."

ఆమె కుర్చీ చూపించింది. అతను కూర్చోలేదు.

"ఎన్నాళ్లుగా?"

"అది గుర్తుంటే ఇంకేం కావాలమ్మా." కింది గది వైపు చెయ్యి చూపించాడు. "ఆ రెండింటినీ డబ్బాలో పెట్టి చూడండి. వణికితే మందుది, నడిస్తే నీళ్లది. అవే చెబుతాయి కదా."

"ఫలితం చూసి పేరు పెట్టకూడదు. అలా పెడితే ఇంక పరీక్షెందుకు?" ఆమె కళ్లు తుడుచుకుని దారం సర్దుకుంది. "మిగతావి ఎల్లుండి చూద్దాం. ఆ రెండూ ఇంక లెక్కకి పనికిరావు, ప్రాణం తీసెయ్యాలి. పైవాళ్లకి నేను చెప్పక తప్పదు. మీరు ఆసుపత్రిలో చూపించుకోవాలి."

"తెలుసు. ఆ రెండింటినీ మాత్రం నన్నే తియ్యనివ్వండి."

మోచేతుల దాకా రెండుసార్లు కడుక్కున్నాడు. భయం పోలేదు గానీ దాచుకునే పని తప్పింది. చేతులు నిమ్మళించాయి. నలభై ఒకటి చాలాసేపు చూసి, మెల్లగా అరచేతిలోకి ఎక్కింది. రెండోది తటపటాయించకుండా వచ్చింది. రెండింటినీ గాజుపెట్టెలో దించి, మూత వేసి, గ్యాసు గొట్టం మర తిప్పాడు. బుస్సుమని సన్నటి చప్పుడు. ఒకదాని వీపు మీద ఒకటి తల ఆన్చుకున్నాయి. కాసేపటికి ఆ చప్పుడొక్కటే మిగిలింది.

గది తాళంచెవి బల్ల మీద పెట్టాడు. ఆకుపచ్చ దారం, సిరా ఘాటు, ఆ బుస్సు, అన్నీ అప్పుడే లోపల మేకుల్లా దిగబడి ఉన్నాయి. ఈ రోజు పోదు. అన్నీ పోయాక ఇదొక్కటే మిగులుతుందేమో. ఆ ఆలోచన రాగానే గోడ పట్టుకుని నిలబడ్డాడు.

"రేపొస్తారుగా డాన్ హిలారియో?" కడిగే గదిలోంచి ఒఫీలియా కేకేసింది.

"పాట నువ్వు పాడు," అన్నాడు.

ఏప్రన్ విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే ముందు జేబుకి వేలు తగిలింది. అంచు రెండు మూలలా కొరికి ఉంది. దారాలు ఇంకా తెల్లగా ఉన్నాయి. అయితే నిన్న రెండింటినీ కలిపి ఇందులోనే వేసుకుని తిరిగాడన్నమాట. పాడుకుంటూ తిరిగి ఉంటాడు. ఆ కొరుకుడు మీద వేలు పెట్టి నిలబడ్డాడు. ఏమీ గుర్తు రాలేదు.

దీపం ఆర్పి వెళ్లిపోయాడు. కొక్కేనికి ఏప్రన్ వేలాడుతోంది. దాని జేబు, లోపల ఇంకా ఏవో వెచ్చగా పడుకున్నట్టే, కొంచెం ఉబ్బి ఉంది.