జి నుంచి మొదలుపెడితే

ఉతికిన బట్టలు మడతపెడుతూ, "రెండు, రెండు, ఒకటి, రెండు, రెండు, రెండు, ఒకటి" అని గొణుక్కుంటున్నాను. మా ఆయన గుమ్మం దగ్గర ఆగి, "దుప్పట్లు లెక్కపెడుతున్నావా?" అన్నాడు. పెళ్ళయి నాలుగు నెలలే కదా, తను ఏమన్నా నవ్వొస్తుంది నాకు. అది మేజర్ స్కేలు. గిటారు తీగ మీద ఏ గడిలో మొదలుపెట్టినా, ఆ లెక్కన గళ్ళు జరుగుతూ పోతే స్వరాలు వరసగా పలుకుతాయి.

గిటారు తనదే. ఆదివారాలు అత్తయ్య, మావయ్య, ఆడపడుచు వస్తే వాయిస్తూ పాడతాడు. ఎప్పుడూ 'సి' శ్రుతిలోనే. తన గొంతుకి అదే హాయి. నన్నూ పాడమంటారు. ఆ శ్రుతిలో కింద పాడితే నా గొంతు వినపడదు, పైన పాడితే కీచుమంటుంది. "వదినా, నువ్వు టీ బాగా పెడతావులే," అంటుంది ఆడపడుచు. "మన ఇంటి ఆడవాళ్ళకి పాట అచ్చిరాదమ్మా, మీ అత్తయ్యా అంతే," అని మావయ్య ఓదారుస్తారు. అత్తయ్య కప్పులు ఏరుకుని వంటింట్లోకి వెళ్తారు. వెక్కిరింత కన్నా ఆ ఓదార్పే గుచ్చుకునేది. కాలేజీలో అందరూ మళ్ళీ మళ్ళీ పాడించుకున్న గొంతు పెళ్ళి కాగానే ఎక్కడికి పోయినట్టు?

ఆఫీసు నుంచి తనకన్నా గంట ముందొస్తాను. ఆ గంట వంటది. అందులో సగం గిటారు కోసం దొంగిలించాను. వేళ్ళు వాచాయి, కూర రెండుసార్లు మాడింది. మూడో వారం 'జి' నుంచి లెక్కపెట్టి ఒకటో, నాలుగో, ఐదో స్వరాల మీద కార్డులు, అంటే మూడేసి స్వరాల గుత్తులు, పట్టి ఒకదాని తర్వాత ఒకటి మీటాను. తను పాడే పాటే, నా గొంతులో హాయిగా కూర్చుంది! ఒక్కదాన్నే గంతులేశాను. గొంతు ఎక్కడికీ పోలేదు, శ్రుతి నాది కాదు, అంతే.

ఆదివారం గిటారు నేనే తీశాను.

"ఇవాళ జిలో," అన్నాను.

"అమ్మో, అది నాకు అందదోయ్!" అన్నాడు మా ఆయన.

"అయితే టీ పెట్టు."

ఆడపడుచు ఫక్కుమంది. తను నిజంగానే లేచి లోపలికెళ్ళాడు, అక్కడున్న అత్తయ్య బయటికొచ్చారు. రెండో చరణంలో ఎవరో గొంతు కలిపారు. ఆడపడుచు అనుకున్నాను. కాదు, తడిచేతులతో గుమ్మానికి ఆనుకుని అత్తయ్య! మావయ్య పేపరు దించి, పరాయి మనిషిని చూసినట్టు చూశారు. అత్తయ్య ఆయన వైపు తిరగనైనా లేదు.

"ఇంకాస్త పైకి జరుపు, అమ్మాయ్," అన్నారు నాతో. "నా గొంతు ఇంకా పైన ఉంది."