తోడబుట్టినోళ్లను ముందు పిలవండి

కామసముద్రం బడిలో కంటి క్యాంపు పెట్టారని తెలిసి, గంగమ్మ పట్టుపురుగులకు ఆకు వేసి పొద్దున్నే వచ్చింది. వరుసలో రెండొందల మంది. కంటి ప్రెషరు చూసే మిషను ఒక్కటే. మధ్యాహ్నం దాటాక నర్సు ఆమెను అంకెల పటం ముందు నిలబెట్టింది. గంగమ్మ చివరి వరుస దాకా గడగడా చదివింది.

"చూపు బాగుండాది. ఇంగ ఇంటికి పో అమ్మా."

"మిషను పెట్టి చూడరా?"

"ఆడ శానా మంది ఉండారు. వచ్చే నెల రా."

గంగమ్మకు ఒళ్లు మండింది. ఆమె అన్న సొన్నప్ప బంగారు గనులు మూసేదాకా కేజీఎఫ్‌లో పనిచేసినవాడు. ఆరేళ్ల కిందట, ఈ క్యాంపు పెట్టిన ఆసుపత్రివాళ్లే నీటికాసులని, అంటే గ్లాకోమా అని చెప్పారు. అప్పటికే రెండు కళ్లూ పోయాయి. నొప్పి లేదు, ఎరుపు లేదు; పక్కచూపు మొదలుకొని కొంచెం కొంచెంగా ఆరిపోయింది. ఈ మధ్య గంగమ్మకూ ఎడమపక్కనున్నవి కనబడక, పురుగుల తట్టలు భుజానికి తగులుతున్నాయి.

ఆమె జనాన్ని తోసుకుంటూ డాక్టరు బల్ల దగ్గరికి పోయింది.

"మా అన్న సొన్నప్ప పేరు మీ పుస్తకంలో ఉండాదా లేదా, సారూ?"

కుర్ర డాక్టరు పేజీలు తిప్పాడు. ఉంది. వెంటనే ఆమెను మిషను ముందు కూర్చోబెట్టాడు. ప్రెషరు ఎక్కువ. వేలు పక్కకు జరుపుతూ చూస్తే, ఎడమకంటి పక్కచూపు సగం పోయింది.

"ఇది రక్తసంబంధీకులకు వచ్చే జబ్బమ్మా. పోయిన చూపు రాదు. చుక్కలు వేసుకుంటే ఉండేది నిలుస్తుంది."

"ఆ సంగతి మీకు ఆరేళ్ల కిందటే తెలుసు గదా!" గంగమ్మ అరుపుకు వరుసంతా ఇటు తిరిగింది. "నీ తోడబుట్టినోళ్లను పిల్చుకోని రాప్పా అని మా అన్నకు ఒక్క మాట చెప్పింటే నా కన్ను నిలిచేది! కండ్లు బాగుండేవాళ్లను పొద్దంతా నిలబెడతారు, జబ్బుండేవాళ్లను వచ్చే నెల రమ్మంటారు!"

డాక్టరు తల దించుకున్నాడు. "తప్పు మాదే."

"తప్పంటే చాలదు. అట్లా చూపు పోయినోళ్ల పేర్లు చదువు. ఎవురు యాడుండారో నేను చెప్తా."

పదకొండు పేర్లు. వారం రోజులు గంగమ్మ గడపగడపకూ తిరిగి వాళ్ల అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్లను, పిల్లల్ని తిట్టి, బతిమాలి, డాక్టరు మళ్లీ పెట్టిన క్యాంపుకు తీసుకొచ్చింది. ముప్పై నలుగురు. ఈసారి మిషను ముందు వాళ్లే కూర్చున్నారు. ఐదుగురికి జబ్బు బయటపడింది. ఐదుగురికీ చూపు ఇంకా మిగిలే ఉంది.

"పోయినసారి రెండొందల మందిని చూస్తే ముగ్గురే దొరికినారమ్మా," అన్నాడు డాక్టరు సంబరంగా.

గంగమ్మ నవ్వలేదు. చుక్కల సీసా కొంగున ముడేసుకుని ఇంటికి నడిచింది. అరుగుమీద కూర్చున్న సొన్నప్ప అడుగుల చప్పుడు విని, "నా జబ్బే నీకూ అంటించినా గదమ్మా," అని మళ్లీ ఏడ్చాడు.

"నీది కాదు తప్పు," అని కసిరింది గంగమ్మ. ఆ కోపంలోనే అన్న కన్నీళ్లు తుడిచింది.