మిషన్ నడుస్తూనే ఉంది

రాజనర్సు పాత పళ్ల బ్రష్షుతో ఆక్సిజన్ మిషన్ జాలీ దులుపుతున్నాడు. కార్ఖానాలో బట్ట నేసే సాంచె మీద పేరుకున్న నూలు నూగును దులిపేది కూడా ఇలాగే, పైనుంచి కిందికి, నోటితో ఊదకుండా. జాలీ బిగించి, మిషన్ మీద అరచేయి ఆనించి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

దిండ్లకు ఆనుకుని కూర్చున్న కనకవ్వకు నవ్వొచ్చింది. గట్టిగా నవ్వితే దగ్గు తెర ఆగదని కళ్లతోనే నవ్వింది.

"గింత మురిపెం నా మీద ఎన్నడన్న సూపినవా?"

"జర సప్పుడు చెయ్యకు. ఆయాసమొస్తది," అన్నాడు రాజనర్సు.

బతుకుతెరువుకు వలసొచ్చిన అమ్రోలిలోని ఈ ఒంటి గదిలోనే ఆమె ఏళ్ల తరబడి నూలు కండెలు చుట్టింది. ఆ నూగంతా ఎక్కడికి పోయిందో ఇద్దరూ ఎన్నడూ ఆలోచించలేదు. ఆమె ఊపిరితిత్తులు గట్టిపడ్డాయని డాక్టరు చెప్పాక, రాజనర్సు మిషన్ కిరాయికి తెచ్చి, సేఠుకు చెప్పి పని మానేశాడు. అప్పటినుంచి ఇల్లే అతనికి కార్ఖానా. వీపు ఒరుసుకోకుండా దుప్పటిని ముడత లేకుండా లాగి పరిచేవాడు. ముక్కు గొట్టం జారకుండా నూలుపోగు కట్టి, చెంపకు గుచ్చుకోనంత సన్నటి ముడి వేశాడు. చిక్కుపడ్డ నూలు విప్పినట్టే ఆమె జుట్టు కొసనుంచి విడదీసి జడ వేసేవాడు. పెళ్లయిన కొత్తలో లేని ముచ్చట్లు ఇప్పుడెందుకని ఆమె వెక్కిరించేది. లోపల మాత్రం పొంగిపోయేది.

కూతురు సంధ్యారాణి కడోదరాలో చీరలు మడతపెట్టే పనికి బయలుదేరుతూ గుమ్మంలో ఆగింది.

"బాపు, ఆజ్ ఛుట్టీ పెడ్త. అవ్వ తబియత్ ఠీక్ లేదు."

"నువ్వు పో బిడ్డా. ఎనిమిది సాంచాలు ఒక్కన్నే సూసుకున్న. మీ అవ్వ ఒక్కతిని సూసుకోనా?"

ఆ మాటలో గొప్ప ఏమీ లేదు. అన్ని సాంచాలను ఎవరూ కళ్లతో చూడలేరు. పోగు తెగితే సాంచె దానంతటదే ఆగుతుంది. అప్పుడు తల తిప్పితే చాలు. ఆ రొదలో బతికిన అతని చెవులు చిన్న చప్పుళ్లను ఏనాడో వదిలేశాయి. తలుపు కొట్టినా, పళ్లెం పడినా తెలియదు. యంత్రం నడక మాత్రం నేలలోంచి అరికాళ్లకు తెలుస్తుంది. అందుకే మంచానికి వీపు తిప్పి ధీమాగా ఇంటిపని చేసుకునేవాడు.

"పచ్చిపులుసు తినబుద్ధయితుంది," అంది కనకవ్వ కొంతసేపటికి.

నాలుగు రోజులుగా మెతుకు ముట్టని మనిషి నోరు తెరిచి అడిగింది. రాజనర్సుకు ప్రాణం లేచొచ్చింది. ఆమె చేతికందేలా నీళ్ల గిలాస పెట్టి పొయ్యి దగ్గరికి వెళ్లాడు. చింతపండు నానబెట్టాడు, ఎండుమిర్చి నిప్పుల మీద కాల్చాడు, ఉల్లిగడ్డ సన్నగా తరిగాడు. అరికాళ్ల కింద మిషన్ అదురు ఒక్క తీరుగా సాగుతోంది. ఉప్పు చూసి, ఇంకొంచెం వేసి, మళ్లీ చూశాడు. ఇవాళ రెండు ముద్దలైనా తింటుందనుకున్నాడు.

పనిలో మనసు నిలవక సంధ్యారాణి మధ్యాహ్నానికే తిరిగొచ్చింది. అవ్వ తల దిండు మీదినుంచి పక్కకు వాలి ఉంది. చేయి మంచం అంచున వేలాడుతోంది. నేలంతా నీళ్లు. బాపు పొయ్యి దగ్గర అటు తిరిగి అన్నం వారుస్తున్నాడు.

ఆమె అవ్వ చెంప ముట్టుకుంది. చల్లగా ఉంది. పరుగున వెళ్లి బాపు భుజం పట్టి కుదిపింది.

"బాపూ! అవ్వ పోయింది బాపూ! గిలాస కిందపడ్డది, నీకు ఇనవడలేదా?"

రాజనర్సు బిడ్డ పెదాలు చూశాడు, మంచం కేసి చూశాడు. అర్థమైనా నమ్మలేదు.

"ఏంది బిడ్డా గట్లంటవ్? మిషన్ నడుస్తనే ఉండె గదా," అన్నాడు. "ఆగలే. ఒక్కసారి గూడ ఆగలే."

సంధ్యారాణి ఏడుస్తూ వంగి స్విచ్ తీసేసింది.

అరికాళ్ల కింద అదురు నిలిచిపోయింది. అతను ఒక్క ఉదుటున మంచం దగ్గరికి వెళ్లాడు. చేతులు వాటంతటవే కనకవ్వ ముక్కు దగ్గర, గొంతు దగ్గర, గుండె దగ్గర ఎక్కడ తెగిందో వెతికాయి. ముడి వేయడానికి ఏమీ దొరకలేదు. ఆమె ఒళ్లో తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇరుగుపొరుగు చేరారు. కనకవ్వను చాప మీదికి దించారు. మంచం కింద స్టీలు గిలాస పక్కకు ఒరిగి ఉంది. దాని అడుగున ఇంకా గుక్కెడు నీళ్లున్నాయి.