పటేలు మాట వినే చెవి

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఊరి శిస్తు వసూలు చేసే మాలీ పటేలు లక్ష్మీరాజం నోరు ఏనాడూ మంచిది కాలేదు, కానీ పెద్దది, దాంతోనే సరిపెట్టుకున్నాడు. లక్సెట్టిపేట పక్కన ఆ ఊళ్లో ఆయన అరుగెక్కి గొంతు సవరించుకుంటే చాలు, పొలంలో నాట్లేసే ఆడవాళ్లు కొంగులు సర్దుకునేవాళ్లు. ఇక ఇంట్లో చెప్పాలా? ఇన్నేళ్ల కాపురంలో భార్య అనసూర్య ఒక మాట మొదలుపెట్టి ముగించిన రోజు లేదు. "అది గాదు..." అనేలోపే "ఏది గాదే?" అని ఇల్లంతా దద్దరిల్లేది.

అంత నోటికీ తోడు చుట్ట ఒక్కటే. ఆ చుట్టే చివరికి కొంప ముంచింది. దగ్గులో నెత్తురు పడితే మంచిర్యాల డాక్టరు ఎక్స్‌రే తీయించి పట్నం పంపాడు. పట్నం దవాఖానలో ఊపిరితిత్తికి కేన్సరు గడ్డ పుట్టిందన్నారు, ఎడమవైపు ఛాతీ కోసి గడ్డను తిత్తితో సహా తీసేశారు. మనిషి బతికాడు, గొంతు బతకలేదు. గొంతుకు పోయే నరం ఒకటి ఛాతీలోకి దిగి మళ్లీ పైకెక్కుతుందట. గడ్డ దాన్ని కరుచుకుని కూర్చుందట. గడ్డ పోవాలంటే నరమూ పోవాల్సి వచ్చిందట. ఆయన ఇక గట్టిగా మాట్లాడలేరని డాక్టరు విచారంగా చెప్పాడు. అనసూర్య కూడా విచారంగానే తలూపింది. పాపం, అంతకు మించి ఏం చేయాలో ఆమెకు తోచలేదు.

ఊరికి తెచ్చాక మొదలైంది అసలు తమాషా. పటేలు గుసగుస వినాలంటే చెవి ఆయన మూతి దగ్గర పెట్టాలి. పెట్టే మొనగాడు ఎవడు? ఛాతీ రోగమంటే ఊరి లెక్కలో ఒకటే, క్షయ. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటేది కాదని అనసూర్య ఎంత మొత్తుకున్నా ఒక్కడూ నమ్మలేదు. ఎలా నమ్ముతారు? ఆ భయం నేర్పిందే పటేలు. కొన్నేళ్ల కింద అంతయ్య అనే రైతు క్షయతో దగ్గుతుంటే, "ఊరవతల గాలి మంచిగుంటది అంతయ్యా, ఆడనే ఉండు" అని ఊరంతా వినేలా అరిచి, గుడిసె వేయించి తోలింది ఈయనే. గాలి ఎలా ఉందో చెప్పడానికి అంతయ్య తిరిగి రాలేదు. ఆ గుడిసెలో కడదాకా పక్కన కూర్చున్నది అతని పెళ్లాం శంకరవ్వ ఒక్కతే. ఇప్పుడు పెద్దమనుషులు పటేలును చూడవచ్చి, ముక్కులకు తువ్వాళ్లు అడ్డం పెట్టుకుని, వాకిట్లో అవతలి గోడకు ఆనుకుని పరామర్శించి పోతున్నారు.

అలా పటేలు మాట వినే చెవి ఊళ్లో అనసూర్యది ఒక్కటే మిగిలింది. ఆయన గొణిగేవాడు, ఆమె గట్టిగా చెప్పేది. మొదట్లో ఉన్నదున్నట్టే చెప్పింది. ఒకరోజు జీతగాణ్ణి తిట్టిన తిట్టొకటి మింగేసింది. ఆకాశమేమీ విరిగి పడలేదు. ఇంకోరోజు ఆయన చుట్ట అడిగితే, మజ్జిగ అడుగుతున్నారని లోపలికి కేకేసింది. పటేలు మజ్జిగ తాగాడు.

అంతలో శంకరవ్వ చేను పంచాయితీ వచ్చింది. అంతయ్య దాయాది గట్టయ్య, పిల్లలు లేనిదానికి చేనెందుకు, తనకే రావాలని పట్టుబట్టాడు. పట్నం పోకముందే పటేలు అతనికి మాటిచ్చేశాడు. ఆ చేను పోతే శంకరవ్వకు తిండి గింజ ఉండదు. ఆ సంగతి అనసూర్యకు బాగా తెలుసు.

ఊరంతా వాకిట్లో కూడింది. అరుగు మీద మంచంలో పటేలు. చేను గట్టయ్యకిచ్చినట్టు చెప్పమని ఆయన భార్య చెవిలో గొణిగాడు. అనసూర్య లేచి నిలబడింది.

"చేను శంకరవ్వదే అంటున్నరు. దున్నుకోని బతుకుమంటున్నరు."

పటేలు కళ్లెర్రజేసి మంచం పట్టె మీద అరచేత్తో కొట్టాడు. ఇంకెవడన్నా లొల్లి చేస్తే ఊరుకోనంటున్నారని ఆమె దానికి అర్థం చెప్పింది. ఆయన ఇంకా గట్టిగా కొట్టబోతే దగ్గు అందుకుంది. ముందు వరుస మొత్తం వెనక్కి జరిగింది.

పటేలు తనకిచ్చిన మాట వేరని గట్టయ్య గొడవకు దిగాడు. అయితే దగ్గరికొచ్చి నువ్వే చెవి పెట్టి వినమంది అనసూర్య. గట్టయ్య తువ్వాలు బిగించి అరుగు దాకా వచ్చాడు. పటేలు మళ్లీ దగ్గాడు. చేను మీద ఆశ కన్నా ప్రాణం మీద తీపి ఎక్కువ కదా, గట్టయ్య వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

"నేను చెవి వెట్టి ఇంట" అంటూ అప్పుడు లేచింది శంకరవ్వ. ఈ పటేలు తనకు మంచి చేస్తాడంటే అందరికన్నా ముందు ఆమెకే నమ్మబుద్ధి కాలేదు. శంకరవ్వ ముక్కుకు కొంగు కూడా అడ్డం పెట్టుకోలేదు. తిన్నగా మంచం మీదికి వంగి చెవి ఆయన మూతికి ఆనించింది. ఆయన దగ్గాడు, ఆమె కదల్లేదు. ఆయన చాలాసేపు ఏదో గొణిగాడు. ఆమె కూడా మెల్లగా ఏదో బదులు చెప్పింది. పటేలు కళ్లు మూసుకున్నాడు.

శంకరవ్వ నిటారుగా నిలబడి అనసూర్య వంక ఒక చూపు చూసి, జనం వైపు తిరిగింది. "అమ్మ చెప్పినట్టే అన్నడు" అంది. గట్టయ్య తువ్వాలు దులుపుకున్నాడు. పంచాయితీ లేచిపోయింది.

వాకిలి ఖాళీ అయ్యాక అనసూర్య ఆమెను పెరట్లోకి తీసుకుపోయి, ఆయన నిజంగా ఏమన్నాడని అడిగింది.

"మొదలు చేను గట్టయ్యదే అన్నడమ్మా. అటెనుక, నేను జరుగుతలేనని సూసి, మీ అంతయ్య గూడ గిట్లనే దగ్గెనా, పానం పోయేటప్పుడు బాగ తిప్పలవడ్డడా అని అడిగిండు."

ఇన్నాళ్లూ ఆయన భార్యనైనా అడగని మాట అది. నువ్వేం చెప్పావని అడిగింది అనసూర్య.

శంకరవ్వ కొంగు దోపుకుంది.

"ఊరవతల గాలి మంచిగుంటది పటేలా, ఏం ఫికర్ లేదని చెప్పిన."

అరుగు మీద పటేలు దగ్గుతున్నాడు. అనసూర్య మజ్జిగ తేవడానికి లోపలికి పోయింది.