పాట కింద ప్రశ్నలు

ఎనిమిదో తరగతి వాచకం కమిటీ అధ్యక్షుడంటే సంపాదకురాలికి ఒళ్ళు మంట. పుస్తకంలో ప్రతి పాటనూ జెండా కర్రకు కట్టందే ఆయనకు నిద్ర పట్టదు. ఆ రోజు బల్ల మీదున్నది ఆమె పట్టుబట్టి తెచ్చిన పాట. ఎన్నో తరాల కిందట, బట్టలు నేసుకు బతికిన ఒకావిడ దేవుణ్ణి వెతుక్కుంటూ కట్టుకున్నది. సంపాదకురాలి తల్లి ఇప్పటికీ పని చేసుకుంటూ అదే పాడుకుంటుంది.

"నా ఇంటికి గోడ లేదు, నీ ఇంటికి తలుపు లేదు, ఏ దిక్కు తిరిగి పిలవను సామీ?"

"గోడ లేదంటే సరిహద్దు లేదనేగా?" అన్నాడు అధ్యక్షుడు. "పిల్లలకి నేర్పాల్సింది ఇదా? 'సామీ' తీసేసి 'దేశమా' అని పెట్టండి, సరిపోతుంది."

"అప్పుడది ఆవిడ పాట కాదండీ, మీ ఉపన్యాసం."

"దేశమంటే మీకంత చేదేమిటమ్మా?"

అంత మాట అన్నాక ఇంకేం మర్యాద? "దేశం మీ ఒక్కరి సొత్తా? ఒక్క అక్షరం మారినా నేను కమిటీలో ఉండను. ఎందుకు మానేశానో అడిగినవాళ్ళందరికీ చెబుతాను."

బజారున పడటమంటే ఆయనకు మహా భయం. కాసేపు పళ్ళు నూరి, "సరే, పాట మీ ఇష్టం. కింద ప్రశ్నలు మాత్రం నేను రాస్తాను" అన్నాడు.

మారుమాట లేకుండా ఒప్పుకుంది. పిల్లలు పాఠం చదవరు, పాఠం కింద ప్రశ్నలే చదువుతారని కమిటీలోకి కొత్తగా వచ్చినవాళ్ళకు తానే పాఠం చెప్పే మనిషి! గెలిచానన్న పొంగులో బుద్ధి గడ్డి తింది.

పుస్తకం వచ్చింది. పాట చెక్కుచెదరలేదు. దాని కింద మొదటి ప్రశ్న: "కవయిత్రి తన దేశాన్ని 'సామీ' అని ఎందుకు పిలిచింది?" ఆమె ఫోన్ చేసి కడిగేసింది. "ఒక్క అక్షరం మార్చానా?" అని ఆయన నవ్వాడు.

బళ్ళు తెరిచిన కొన్నాళ్ళకు, ఒక సాయంత్రం తల్లి కింద కూర్చుని బఠానీలు వలుస్తూ ఆ పాట ఎత్తుకుంది. ఎనిమిది చదువుతున్న మనవరాలు గబగబా వచ్చింది.

"అమ్మమ్మా, కూర్చుని పాడకూడదు, లే! అది దేశం పాట."

"ఎవరే చెప్పింది? అది నా సామి పాట."

"సామి అంటే దేశమే. దేవుడని రాసినవాళ్ళకి టీచర్ సున్నా వేసింది."

సంపాదకురాలు వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "అమ్మమ్మ చెప్పిందే నిజం. అది దేవుడి పాటే."

"మరి ఆ పుస్తకం చేసింది నువ్వేగా అమ్మా?"

ముసలామె కూతురి వంకే చూసింది.

"నా పాట తీసుకెళ్ళి ఎవరి చేతిలో పెట్టొచ్చావే?"

జవాబు కోసం ఆగలేదు. తల దించుకుని మిగిలిన బఠానీలు వలవసాగింది. పాట మాత్రం మళ్ళీ ఎత్తుకోలేదు.