అక్క బరువు

కళ్లజోళ్ల దుకాణంలో, వెనక గదిలో కూర్చుని అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడం చిట్టి పని. నలభై దాటినా అక్కకి ఇంకా చిట్టే. పొద్దస్తమానం వంగి కూర్చుంటే నడుం బిగుసుకుపోతోందని, ఇంట్లో టీవీలో వ్యాయామం వీడియోలు పెట్టుకుని చెయ్యడం మొదలుపెట్టింది. అందులో ఒకమ్మాయి నవ్వు చెక్కుచెదరకుండా గెంతుతూ, "శభాష్, అదరగొట్టారు" అంటూ ఉండేది. చిట్టి మధ్యలో మంచినీళ్లకి వెళ్లినా అదే శభాష్.

కుర్చీలో కూర్చుని చూసే అక్కకి అదో కాలక్షేపం. జబ్బు చేసి లేచాక ఆవిడ కాళ్లలో పట్టు పోయింది. గోడ పట్టుకుని నడుస్తుంది.

"చూడకుండానే మెచ్చుకుంటోంది. మీ ఓనరు కంటే నయమే," అనేది.

ఒక ఆదివారం అక్క స్నానాలగదిలో జారి కూలబడింది. దెబ్బేం తగల్లేదు. చిట్టి చంకల కింద చేతులు వేసి లాగింది. అక్క కదల్లేదు. ముందు నుంచి లాగింది, వెనక నుంచి తోసింది, చివరికి ఇద్దరూ గచ్చు మీద పక్కపక్కనే చతికిలబడ్డారు. కింది వాటా డ్రైవర్ని పిలవక తప్పలేదు. అతను తల పక్కకి తిప్పుకునే, తువ్వాలు చుట్టుకున్న అక్కని ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి వెళ్లిపోయాడు. మర్యాదస్థుడే. అయినా ఆ రోజంతా అక్క గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు టీవీ ముందు నిలబడ్డ చిట్టికి గెంతబుద్ధి కాలేదు. ఇన్నాళ్లూ చెమటోడ్చినందుకు ఆయాసం తగ్గిన మాట నిజమే. గెంతడం వచ్చింది గానీ ఎత్తడం రాలేదు. టీవీ కట్టేసింది.

అటక మీంచి పాత ప్రయాణపు సంచీ దించి, అందులో పాత పత్రికల కట్టలు కుక్కింది. దాన్ని నేల మీంచి ఎత్తడం, దించడం, అదీ వ్యాయామం. ఎంత ఎత్తాలో, ఎక్కడ ఆపాలో చెప్పేవాళ్లు లేరు. మొదట్లో అత్యాశకి పోతే నడుం పట్టేసి, దుకాణంలో నిలబడే పని చేసుకోవాల్సొచ్చింది. అప్పుడు బుద్ధొచ్చి కట్టలు తగ్గించింది. తేలిగ్గా అనిపిస్తేనే ఇంకోటి వేసేది. ఒంట్లో బాగులేకపోతే తీసేసేది.

"నడుం కాదే, మోకాళ్లు వంచు," అనేది అక్క కుర్చీలోంచి.

"నువ్వెప్పుడు నేర్చుకున్నావ్?"

"నేర్చుకునేదేముంది, కనబడుతోందిగా. వీపు విల్లులా వంగిపోతోంది."

కొన్నాళ్లకి పత్రికలు చాలక ఇసుక మూటలు చేరాయి. పిడి ఊడిపోతే చెప్పులు కుట్టే అతని చేత గట్టిగా కుట్టించుకొచ్చింది. ఒక సాయంత్రం సంచీ పక్కకి నెట్టి, "అక్కా, ఒకసారి కింద కూర్చుంటావా? లేపి చూస్తా," అంది.

"నేనేమన్నా నీ సంచీనా?" అంటూనే అక్క మంచం పట్టుకుని మెల్లిగా కిందికి దిగింది.

చిట్టి మోకాళ్లు వంచి, అక్కని గుండెలకి హత్తుకుని లేచింది. ఇద్దరూ తూలారు గానీ పడలేదు. చిట్టి మొహం విప్పారింది. అక్క మొహం మామూలుగానే ఉంది.

"బాగానే ఎత్తావ్. కానీ నాకు ఎత్తించుకోవడం ఇష్టం లేదే. ఆ డ్రైవరైనా, నువ్వైనా."

చిట్టికి మనసు చివుక్కుమంది. సంచీ మూలకి సర్దింది. కాసేపటికి అక్కే అంది, "అందులోంచి చిన్న మూటొకటి ఇటివ్వు."

ఆ మూట ఒళ్లో పెట్టుకుని కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం అక్క సాధన అయింది. మొదట చిట్టి చెయ్యి కావలసి వచ్చేది, తర్వాత గోడ చాలింది.

చలి మొదలయ్యే రోజుల్లో ఒకనాడు చిట్టి దుకాణం నుంచి వచ్చేసరికి అక్క నేల మీద ఉంది. "అయ్యో, పడ్డావా?" అంది చిట్టి.

"పడలేదే. నేనే కూర్చున్నా. పొద్దున్నుంచీ కూర్చోవడం, లేవడం, ఇదే పని," అంది అక్క.

"లేపనా?"

"అక్కర్లేదు. అక్కడే ఉండు."

మోకాలు మోపి, కుర్చీ అంచు పట్టుకుని, మూలుగుతూ లేచింది. చాలాసేపే పట్టింది. చిట్టి చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే నిలబడి చూసింది.