ఏడు వరదల ఇసుక

బెల్టు మీద బొగ్గు వస్తూనే ఉంది. గట్టయ్య కుడిచెయ్యి దాని మీద పాకి ఒక రాయిని పట్టుకుని పక్కకు విసిరేసింది. మళ్లీ పాకింది. ఈసారి విరిగిన బోల్టు. ఆ తర్వాత తడిసిన కట్టెపేడు. గనిలో పేలకుండా మిగిలిన తూటా ఏదైనా బొగ్గులో కలిసి వస్తే బెల్టు ఆపించడానికి ఎడమచేతి పక్కన ఒక తాడు వేలాడుతోంది. పదిహేడేళ్లలో ఆ తాడును అతను నాలుగుసార్లు లాగాడు. నాలుగుసార్లూ తూటా నిజంగానే ఉంది. ఆ స్క్రీనింగ్ ప్లాంటులో గట్టయ్య గురించి చెప్పుకోవడానికి అంతకన్నా పెద్ద సంగతేమీ లేదు.

మనిషి పొట్టి. నలభై ఆరేళ్లు. ఇన్నేళ్లుగా ఒకే వైపు వంగి నిలబడడం వల్ల కుడిభుజం ఎడమదానికన్నా రెండు వేళ్లు కిందికి దిగింది. చూపుడువేలికి గోరు లేదు. చెవి మడతల్లోని నల్లటి పొడి ఏ సబ్బుకూ లొంగదు. కళ్లు మాత్రం చురుకు. పరుగెత్తే నలుపులోంచి రాయిని వేరుచేసి చూడడం అతనికి ఊపిరి తీసినంత తేలిక.

ఆ రోజు మాత్రం రెండు రాళ్లు అతన్ని దాటిపోయాయి. అవతల నిలబడ్డ కొమురెల్లి వాటిని ఏరి పారేశాడు.

"ఏందే గట్టన్నా, ఇయ్యాల కండ్లు క్వార్టర్ల పెట్టి వచ్చినవా?"

గట్టయ్య నవ్వలేదు. మూడు గంటలకు షిఫ్టు దిగేలోపు అతను ఒక మిషిన్‌ను ఎంచుకోవాలి. నీళ్ల అడుగున పడ్డ బంగారాన్ని కనిపెట్టే మిషిన్.

అది 1975 మే నెల. ప్లాంటులో కరెంటు పని చూసే అంద్రెయ ఆ సాయంత్రం రైలుకు హైదరాబాదు పోతున్నాడు. జుమ్మెరాత్ బజారులో పాత మిలిటరీ సామాను అమ్మేవాడి దగ్గర అతను ఒక మిషిన్ చూసి పెట్టాడు. యుద్ధంలో మందుపాతరలు వెతికిందట అది. పొడుగాటి కర్ర, కర్ర చివర చాటంత పళ్లెం, నడుముకు కట్టుకునే పెట్టె, చెవులకు తగిలించుకునే డిప్పలు. పళ్లెం కింద లోహముంటే చెవిలో కూత వినబడుతుంది. మూరెడు లోతున ఉన్నా పసిగడుతుంది. కానీ నేల మీద తిరగడానికి చేసింది కాబట్టి పళ్లెంలోకి నీళ్లు దిగితే చచ్చిపోతుంది. కేబుల్ అతుకుల్లో పోసే నల్ల మైనం కరిగించి అంచులు మూయవచ్చు. ఆ మూత ఎన్నాళ్లు నిలుస్తుందో అంద్రెయకూ తెలియదు.

రెండోది చౌరస్తాలో రేడియోలు బాగుచేసే సదయ్య తయారుచేసి ఇస్తానన్నది. రెండు ట్రాన్సిస్టర్లు, ఒక రాగితీగ చుట్ట. చుట్టను మైనంలో ముంచి తీస్తే ఎన్నేళ్లు నీళ్లలో ఉన్నా ఏమీ కాదు. అయితే దాని చూపు జానెడు లోతుకు మించదు. హైదరాబాదులో తీగా, ట్రాన్సిస్టర్లూ కొని తెస్తే చాలు.

"ఉప్పునీళ్లయితే ఏ మిషిన్ పెట్టినా ఉత్తుత్తిగనే కూస్తది. మనది గోదారి, మంచినీళ్లు. గా ఫికర్ లేదు," అన్నాడు అంద్రెయ పొద్దున తొమ్మిదింటికి నిచ్చెన దిగుతూ. "లోతుకు చూసేది కావాల్నా, నీళ్లకు ఓర్చేది కావాల్నా, గది నువ్వే చెప్పాలె."

బెల్టు కదులుతోంది. గట్టయ్య రాళ్లు ఏరుతూ ఇసుక లోతు లెక్క కట్టుకుంటున్నాడు. పుష్కరాలు అయిన తర్వాత ఏడు వానాకాలాలు వెళ్లాయి. ఏడు వరదలు. ఒక్కో వరద ఎంత ఇసుక తెస్తుంది, ఎంత కోసుకుపోతుంది?

పుష్కరాల్లో పోయింది ఒక గుండ్ల పేరు. బంగారు గుండ్లు గుచ్చిన దండ. అతని భార్య అనసూర్యది. అంతకుముందు అతని అక్క పోశవ్వది. తమ్ముడి పెళ్లిలో పోశవ్వ తన మెడలోంచి తీసి మరదలి మెడలో వేసింది. అమ్మానాన్నలు పోయాక తొమ్మిదేళ్ల తమ్ముణ్ణి తన కాపురానికి వెంటబెట్టుకు వచ్చిన మనిషి ఆమె. బొగ్గు నింపే భర్తకు కట్టిన సద్దిలోంచే తమ్ముడికీ ఒక ముద్ద తీసి పెట్టింది. తమ్ముడికి బెల్టు మీద పని దొరికేదాకా కూలీలను పెట్టుకునే ముకద్దం ఇంటికి భర్తను తిప్పింది. ఆ భర్త దగ్గుతో తీసుకుని తీసుకుని పోతే, పిల్లలు లేని ఆమె తమ్ముడి క్వార్టరుకు వచ్చింది.

ఆ రోజు రేవులో జనం ఇసుక వేస్తే రాలనంతగా ఉన్నారు. మునిగేముందు అనసూర్య దండ తీసి ఆడబిడ్డ చేతికిచ్చింది. పోశవ్వ కొంగున ముడివేసుకుని నడుములోతు నీళ్లలో నిలబడింది. అనసూర్య మునిగి పైకొచ్చేసరికి పోశవ్వ కొంగు ఉత్తదిగా ఉంది.  గట్టయ్య అంతమంది ముందు అడిగాడు.

"ముడి గోదారి విప్పిందా అక్కా, నువ్వు విప్పినవా?"

 పోశవ్వ తమ్ముడి ముఖాన్ని కాసేపు చూసింది. తడిచీర పిండుకోకుండానే నడిచి పడవెక్కింది. క్వార్టరులో ఉన్న తన బట్టల మూట కోసం కూడా వెనక్కి రాలేదు. ఏరు దాటి మంచిర్యాల అవతల రామకృష్ణాపూర్‌లో ఉన్న తన బావగారి కొడుకు ఎల్లేశం దగ్గరికి చేరింది.

నెల తిరక్కుండానే గట్టయ్యకు తెలిసిపోయింది, అక్క తియ్యలేదని. బొగ్గులో రాయి తెలిసినట్టే తెలిసింది. తాను ఇచ్చిన సొమ్మును తానెందుకు దొంగిలిస్తుంది? అప్పుడే పోయి ఉంటే అయిపోయేది. కానీ ఏం పట్టుకుని పోవాలి? ఉత్త చేతులతో పోయి తప్పయిందంటే అక్క ఏమంటుందో అని భయం. దండ దొరికితే దాన్ని ఆమె ఒళ్లో పెడితే చాలు, మాట అక్కర్లేదు. మాటలు అతనికి ఏనాడూ చేతకాలేదు. చేతనైన ఒక్క మాటా రేవులో అనేశాడు.

అందుకని వెతికాడు. మూడు వేసవులు ఇనుప దంతెతో. తర్వాత బెల్టు పైన వేలాడుతూ ఇనుపముక్కలను లాక్కునే అయస్కాంతాన్ని చూసి, అలాంటిదే చిన్నది సంపాదించి తాడుకు కట్టి ఏట్లో ఈడ్చాడు. పడవ మేకులు, గుర్రపు నాడా, ఒక కొడవలి వచ్చాయి. రెండు వేసవులు అలా గడిచాక సంగతి అంద్రెయ చెవిన పడింది. కడుపు పట్టుకుని నవ్వాడు. అయస్కాంతానికి ఇనుముతోనే చుట్టరికం, బంగారాన్ని అది పలకరించనైనా పలకరించదని చెప్పాడు. ఆ తర్వాత రెండేళ్లు ఏ మిషిన్ మేలో తేల్చుకోవడంలోనే పోయాయి.

ఆ పొద్దున డ్యూటీకి బయలుదేరుతుంటే అనసూర్య సద్ది గిన్నె చేతికిస్తూ అంది.

"మంచిర్యాలకు రైలు రోజూ ఉంటది. గదానికి మిషిన్ అక్కర లేదు."

అతను వినిపించుకోనట్టు చెప్పులు వేసుకున్నాడు.

మూడింటికి సైరన్ మోగింది. అంద్రెయ నూనెగుడ్డతో చేతులు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు. గట్టయ్య ఏడు వరదలను తలుచుకున్నాడు.

"పెద్దదే తే. లోతుల ఉంటది గద."

పెద్ద బరువు దిగినట్టయింది. ఏరు సన్నబడి ఉంది, వానలకింకా నెల ఉంది. క్వార్టరు చేరేసరికి గుమ్మం ముందు ఎల్లేశం గొంతుకూర్చుని ఉన్నాడు. నలభైకి దగ్గరపడ్డ మనిషి, తలకు తువ్వాల చుట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. లోపల అనసూర్య గోడకానుకుని ఉంది. ఆమె కళ్లు చూశాక గట్టయ్యకు అడగాల్సింది మిగల్లేదు.

"చిన్నమ్మ తెల్లారంగ పోయింది మామా," అన్నాడు ఎల్లేశం. "వడదెబ్బ. నిన్న దవాఖానల ఏసినం గని మాట రాలేదు. నువ్వు వచ్చినంకనే పాడె లేపుదామని ఆగినం."

గట్టయ్య ముఖం కూడా కడుక్కోలేదు. బొగ్గు చేతులతో, బొగ్గు బట్టలతో స్టేషనుకు నడిచాడు. వెనక అనసూర్య, ఎల్లేశం. అవతలి ప్లాట్‌ఫారం మీద హైదరాబాదు బండి కోసం అంద్రెయ నిలబడి ఉన్నాడు. పట్టాల మీదుగా కేకేశాడు.

"పెద్దదే గద గట్టన్నా? మళ్ల మాట మార్చవు గద?"

గట్టయ్య వద్దన్నట్టు చెయ్యెత్తాడు. అంద్రెయ దాన్ని సరేననుకుని నవ్వుతూ తలూపాడు. మధ్యలోకి మంచిర్యాల బండి వచ్చి ఆగింది.

బండి గోదావరి వంతెన ఎక్కాక ఎల్లేశం కిటికీలోంచి వేలు చూపించాడు. మంచిర్యాల వైపు ఒడ్డున ఇసుక ఎండకు తెల్లగా మండుతోంది.

"గక్కడ్నే పడిపోయింది. ఎండకాలమొచ్చిందంటే గీ ఇసుకలనే ఉండేది మామా. వరద ఏడికి తోసుకపోయిందో అని ఒడ్డు పొంటి జల్లిస్తుండె. మేం ఎంత వద్దన్న ఇనకపాయె. గవి దొరికితెనే తమ్ముని గడప తొక్కుత అనేది."

అనసూర్య కొంగు నోట్లో కుక్కుకుంది. గట్టయ్య ఇసుకనే చూస్తున్నాడు. వంతెన ఇనుప కమ్ములు ఒకదాని వెనక ఒకటి ఆ ఇసుకను కోస్తూ పోయాయి. చివరి కమ్మి దాటాక చెట్లు అడ్డం వచ్చాయి. అయినా అతను తల తిప్పలేదు.

వాళ్లు చేరేసరికి పొద్దు ఇంకా ఉంది. పోశవ్వను వాకిట్లో పందిరి కింద పడుకోబెట్టారు. ముఖం ఎండకు కమిలి నల్లబడింది. అరికాళ్ల పగుళ్లను ఎవరో శుభ్రంగా కడిగారు. గట్టయ్య ఆ పాదాల దగ్గర కూర్చున్నాడు. ఏడేళ్లుగా గొంతులో ఉన్న మాట ఇప్పుడు సులువుగానే వచ్చింది.

"తప్పయిందక్కా."

ఆమెకు తప్ప అక్కడున్న అందరికీ వినబడింది.  ఎల్లేశం భార్య అతనికి చెంబుతో నీళ్లు తెచ్చి ఇచ్చి పక్కకు జరిగింది.

ఆమె నిలబడ్డ చోట, తలుపు పక్కన గోడకు ఒక జల్లెడ ఆనించి ఉంది. అడుగు మూడుచోట్ల తెగితే సన్నటి తీగతో అల్లి కుట్టారు. వెదురు అంచు వేళ్లు పట్టే రెండు చోట్లా అరిగి నునుపెక్కింది. అల్లికలో ఇరుక్కున్న నిన్నటి ఇసుక, గాలి తగిలినప్పుడల్లా, కొంచెం కొంచెం గడప మీద రాలుతోంది.